వంచిన నడుం ఎత్తకుండా...

"వంచిన నడుం ఎత్తకుండా పనిచేస్తుందయ్యా ఆ మనిషి" అని ఆసాములు కూలి మనిషిని మెచ్చుకోవడం మనం ఎరిగిందే. మెప్పు ఆసామిది. నడుం మాత్రం ఆమెది. ఆ నడుం గతి ఏమవుతుందో అడిగిన వాడు లేడు.

నిజం చెప్పాలంటే మేమూ అడగలేదు. పోయిన ఊడ్పుల కాలంలో సంఘం సభ్యత్వం రాయడానికి ఘంటసాల మండలంలో ఒక పల్లెకు వెళ్లాం. పొద్దు గూకింది. ఆడవాళ్లు పొలం నుంచి వచ్చి, కాళ్ల బురద కడుక్కుని, పొయ్యిలు ముట్టించి, అప్పుడే అరుగు దగ్గరికి చేరారు. ఎకరానికి ఊడ్పు కూలి ఎంత అడగాలన్న సంగతి మేము మొదలుపెట్టాం. ఒక పెద్దావిడ అడ్డం వచ్చింది. "కూలి సంగతి తర్వాత చూద్దాం బాబూ. ముందు ఈ నడుం సంగతేదన్నా ఉంటే చెప్పు. రాత్రిళ్లు పక్క మీద అటు తిరగలేను, ఇటు తిరగలేను" అంది. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ నడుం మీద చెయ్యేసుకున్నారు.

మాకు సిగ్గేసింది. ఇరవై ఏళ్లుగా కూలి రేట్లు, ఇళ్ల స్థలాలు, రేషన్ కార్డులు, బంజరు భూములు అంటూ మాట్లాడుతున్నాం. ఆ కూలి సంపాదించే నడుం గురించి ఒక్క మీటింగులో కూడా మాట్లాడలేదు. అంచేత ఈ వ్యాసం.

మేము డాక్టర్లం కాము. పెద్ద చదువులు చదివిన వాళ్లమూ కాము. ధాన్యం బస్తా ఎత్తుతూ ఒకసారి మా నడుమూ కలుక్కుమంది. నెల్లాళ్లు మంచం దిగలేక, ఆ తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్నదీ, దొరికిన పుస్తకాల్లో చదివిందీ, చేసి చూసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాం.

నడుముకు ఏమవుతుంది?

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టి కాలువలు తవ్వారు. 1957 నాటికి ఆ పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఘంటసాల, మొవ్వ, చల్లపల్లి, అవనిగడ్డ ప్రాంతమంతా వరి మాగాణి అయింది. 170 ఏళ్లుగా కాలువకు నీళ్లొదలగానే నడుములు వంగుతున్నాయి. ఆకు తీయడానికి వంగాలి. ఊడ్చడానికి వంగి వెనక్కి వెనక్కి నడవాలి. కలుపుకు వంగాలి, కోతకు వంగాలి, పనలు కట్టడానికి వంగాలి. వరి అయ్యాక మాగాణిలో మినుము పీకడానికి మళ్లీ వంగాలి. కోత మిషన్లు వచ్చి, కొన్నిచోట్ల వెదజల్లే పద్ధతి వచ్చి పని రోజులు తగ్గాయి గాని, మిగిలిన పని మాత్రం వంగి చేసేదే.

వెన్నెముక ఒకదాని మీద ఒకటి పేర్చిన పూసల వరస. పూసకూ పూసకూ మధ్య మెత్తలుంటాయి. వాటినే డాక్టర్లు డిస్కులంటారు. పూసల్ని పట్టి ఉంచడానికి పీచుతాళ్ల లాంటి బంధనాలున్నాయి. నిలబెట్టి ఉంచడానికి వెన్ను కిరుపక్కలా కండరాలున్నాయి. కాసేపు వంగితే కండరాలు మోస్తాయి. గంటల తరబడి బాగా వంగి ఉంటే కండరాలు పట్టు సడలించి, భారాన్ని బంధనాల మీదకు, మెత్తల మీదకు వదిలేస్తాయి. కొత్త నులక మంచం వాడగా వాడగా సాగినట్టు ఆ బంధనాలు సాగుతాయి. సాగింది లేచి నిలబడగానే బిగియదు. కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా వెంటనే నారు కట్టల మోపు ఎత్తుకుంటే, అప్పుడే కలుక్కుమంటుంది. "పొద్దుటి నుంచి బాగానే ఉన్నాను, మోపు ఎత్తేసరికి పట్టేసింది" అని చెప్పే వాళ్ల కథ ఇదే.

ఇంకొకటి. రాత్రి పడుకున్నప్పుడు ఈ మెత్తలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. తెల్లవారి నడుం బిగుసుకుని ఉండటానికి అదొక కారణం. లేచిన మొదటి అరగంట, గంట బాగా వంగడం మంచిది కాదు. కాని మన ఆడవాళ్లు లేవగానే చేసే పనేమిటి? వాకిలి ఊడ్వడం, కళ్లాపి చల్లడం, అంట్లు తోమడం. మూడూ వంగే పనులే. పొలానికి పోకముందే నడుముకు సగం కష్టం ఇంట్లోనే పడుతోంది. పొడుగు కర్ర కట్టిన చీపురు వాడాలి. అంట్లు అరుగు మీద పెట్టుకుని నిలబడి తోమాలి. లేదంటే మగవాళ్లు ఆ పని అందుకోవాలి. అందుకుంటే సంఘం పరువేమీ పోదు.

సూదులు, మాత్రలు, ఆపరేషన్లు

నడుం పట్టేసిన రోజున మనం చేసేదేమిటి? ఊళ్లో వైద్యుడి దగ్గర సూది. మందుల షాపులో చీటీ లేకుండా నొప్పి మాత్రలు. రెండు రోజులు నొప్పి తెలియదు. తెలియదు గనుక మళ్లీ అదే పనికి పోతాం. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులు వాడటం వేరు, ఊడ్పులన్నాళ్లూ బఠాణీల్లా మింగడం వేరు. పరగడుపున, ఎండలో నీళ్లు తాగకుండా మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఆడవాళ్ల విషయంలో ఇంకా ఘోరం ఉంది. నడుం నొప్పి, తెల్లబట్ట అని పట్నం పోతే, "గర్భసంచి పాడైంది, తీసేస్తే పోతుంది" అన్న చోట్లున్నాయి. ముప్పై, ముప్పై అయిదేళ్లకే తీయించుకుని, అప్పు మిగిలి, నొప్పి అలాగే ఉన్న అక్కచెల్లెళ్లు మాకు తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్న వారు దేశం మొత్తం మీద 100కి సుమారు 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 100కి సుమారు 9 మంది. అన్ని రాష్ట్రాల కంటే మనదే పైచేయి. అనవసరమైన ఈ ఆపరేషన్ల మీద దాఖలైన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని చెప్పింది. గర్భసంచికి నిజంగా జబ్బు ఉండి, ఆపరేషన్ అవసరమైన సందర్భాలు ఉంటాయి, కాదనం. ఊడ్పుల్లో వచ్చిన నడుం నొప్పికి మాత్రం అది మందు కాదు. ఎవరైనా తీసేయాలంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో రెండో డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోవద్దు.

ప్రపంచంలో 2020లో నడుం నొప్పితో బాధపడిన వారు 61.9 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. కసరత్తులూ, రోగికి విషయం అర్థమయ్యేలా చెప్పడమూ అందులో ముఖ్యం. నడుముకు పట్టీలు కట్టడం, బరువులు కట్టి లాగడం మామూలుగా చేయవద్దంది. అంటే ఖరీదైన వాటికంటే ఇంట్లో చేసుకునేదానికే విలువెక్కువ. ఇది మన బోటి వాళ్లకు మంచి వార్తే.

మొదలుపెట్టే ముందు

నేల మీద చాప, దాని మీద బొంత. మంచం వద్దు, నులక కుంగుతుంది. లేవగానే చెయ్యొద్దు, అన్నం తిన్న వెంటనే చెయ్యొద్దు. సాయంత్రం పని నుంచి వచ్చి, గోరువెచ్చని నీళ్లు పోసుకుని, అటూ ఇటూ ఓ అయిదు నిమిషాలు నడిచాక మంచి వేళ. ఒళ్లు కాగి ఉంటే కండరం తేలిగ్గా సాగుతుంది.

ఏదైనా మెల్లిగా. కుదుపు ఉండకూడదు. ఊపిరి బిగబట్టకూడదు. సాగుతున్నట్టు తెలియాలి గాని పొడిచినట్టు ఉండకూడదు. ఒక గుర్తు పెట్టుకోండి: కాలిలోకి పాకే నొప్పి ఉన్నవాళ్లకు, కసరత్తు చేస్తుంటే ఆ నొప్పి కాలి నుంచి పైకి, నడుం దగ్గరికి ముడుచుకుంటే మంచిదే. పిక్కలోకి, పాదంలోకి ఇంకా దిగితే ఆ కసరత్తు ఆపేయాలి.

ఆరు కసరత్తులు

1. నిలబడి వెనక్కి వాలడం. పాదాలు జానెడు ఎడంగా పెట్టి, రెండు చేతులూ నడుం వెనక ఆనించి, మోకాళ్లు వంచకుండా కొద్దిగా వెనక్కి వాలాలి. రెండు అంకెలు లెక్కపెట్టి మామూలుగా నిలబడాలి. అయిదు నుంచి పది సార్లు. రోజంతా ముందుకు వంగిన నడుముకు కావలసింది వెనక్కి వంపు. పొలం గట్టు మీద కూడా ఇది చేయవచ్చు.

2. బోర్లా పడుకోవడం. తల ఒక పక్కకు తిప్పి, రెండు నిమిషాలు ఊరికే పడుకోవాలి. తర్వాత మోచేతుల మీద ఛాతీ ఎత్తి, పిల్లలు పుస్తకం చదువుతూ పడుకున్నట్టు ఒక నిమిషం ఉండాలి. పొట్ట, నడుం నేలకే వదిలేయాలి. బోర్లా పడుకుని వెనక్కి వంచే ఈ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసిన వాడు న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీ. రోగులు ఇంట్లో స్వయంగా చేసుకోవడానికి 1980లో పుస్తకం రాశాడు. గర్భిణులు ఇది చేయకూడదు.

3. మోకాలు గుండెలకు. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ మడిచి పాదాలు నేల మీద ఉంచాలి. ఒక మోకాలిని రెండు చేతులతో పట్టుకుని ఛాతీ వైపు మెల్లిగా లాక్కుని 20 అంకెలు లెక్కపెట్టాలి. తర్వాత రెండోది. ఒక్కొక్కటి మూడేసి సార్లు. అరవై దాటిన వారిలో కొందరికి నిలబడితే, వెనక్కి వాలితే కాళ్లు లాగుతాయి, కూర్చుంటే తగ్గుతుంది. అలాంటి వారు మొదటి రెండూ వదిలి, ఇది చేసుకోవాలి.

4. మోకాళ్లు వాల్చడం. అలాగే పడుకుని, మోకాళ్లు రెండూ కలిపి ఒక పక్కకు, భుజాలు లేవకుండా, వెళ్లినంత వరకే వాల్చాలి. పది అంకెలు. తర్వాత రెండో పక్క. అయిదేసి సార్లు.

5. పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు. చేతులూ మోకాళ్ల మీద ఉండి వీపును మెల్లిగా పైకి ఎత్తి గుండ్రం చేయాలి, మళ్లీ కిందికి వదలాలి. పది సార్లు. ఇందులో బలవంతం అక్కర్లేదు, కీళ్లు ఆడటమే ముఖ్యం.

6. పిరుదులు ఎత్తడం. వెల్లకిలా, మోకాళ్లు మడిచి, పిరుదుల్ని బిగించి నేల నుంచి జానెడు ఎత్తాలి. అయిదు అంకెలు నిలిపి దించాలి. పది సార్లు. ఇది సాగదీసేది కాదు, బలం ఇచ్చేది. సాగదీసి ఊరుకుంటే సగం పనే. మోసే కండరానికి బలం కూడా కావాలి.

మొత్తం పదిహేను నిమిషాలు. ఒక రోజు గంట చేసి వారం మానడం కంటే రోజూ పదిహేను నిమిషాలు మేలు. కొత్తగా పట్టేసిన నడుం చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. అలాగని నెల్లాళ్లు మంచం ఎక్కడం తప్పు, మేము చేసిన తప్పు అదే. ఒకటి రెండు రోజులు నడుం వాల్చి, తర్వాత నడవగలిగినంత నడవాలి.

చేయకూడనివి

రోజంతా వంగి వచ్చి, సాయంత్రం మళ్లీ ముందుకు వంగి కాలి వేళ్లు పట్టుకునే కసరత్తు వద్దు. కాళ్లు తల మీదుగా వెనక్కి వేసే ఆసనాలు నొప్పి ఉన్నవాళ్లకు పనికిరావు. పిల్లల చేత నడుం తొక్కించుకోవడం, ఎదురుకాళ్లతో పుట్టిన వాడి చేత తన్నించుకోవడం మన పల్లెల్లో ఇంకా ఉంది. పెద్దలను తక్కువ చేయాలని కాదు గాని, ఎముకలు గుల్లబారిన వయసులో ఆ తాపుకు పూస విరిగితే కట్టే నాథుడు లేడు. పుట్టిన తీరులో మందేమీ లేదు.

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి

కింద చెప్పిన గుర్తులుంటే కసరత్తులు చేస్తూ కూర్చోవద్దు. మూత్రం ఆగిపోవడం, లేదా మూత్రం, దొడ్డి తెలియకుండా పోవడం. కూర్చునే చోట, తొడల మధ్య తిమ్మిరి. కాలు ఈడ్చుకుపోవడం, చెప్పు జారినా తెలియకపోవడం. వీటిలో ఏది ఉన్నా అదే రోజు వెళ్లాలి. కింద పడ్డాక, దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి. గతంలో క్యాన్సరు, క్షయ ఉన్నవాళ్లకు కొత్తగా వచ్చిన నొప్పి. ఇవీ అశ్రద్ధ చేయరాదు. క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుపూసకూ వస్తుంది. పరీక్షలూ మందులూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి మచిలీపట్నం ప్రభుత్వ ఆసుపత్రికి. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. వాడుకోవడం మన హక్కు.

పొట్టి పార కథ

ఇంతవరకూ చెప్పింది ఇంట్లో చేసుకునేది. కాని జబ్బు పుట్టేది పొలంలో. సాయంత్రం పదిహేను నిమిషాలు సరిచేసుకున్నది, పగలు ఎనిమిది గంటలు చెడగొడుతుంటే ఎన్నాళ్లు నిలుస్తుంది?

అమెరికాలో కాలిఫోర్నియా అని పెద్ద వ్యవసాయ రాష్ట్రముంది. అక్కడ లెట్యూస్ ఆకుకూర, చక్కెర బీట్ తోటల్లో మెక్సికో నుంచి వచ్చిన కూలీల చేతికి ఒకటి రెండు అడుగుల పిడి ఉన్న పారలు ఇచ్చేవారు. దానితో పనంటే రోజంతా రెండుగా మడిచినట్టు వంగి ఉండాల్సిందే. పొడుగు పిడి ఇస్తే మొక్క దెబ్బతింటుందని తోటల యజమానుల వాదన. అసలు సంగతి వేరే ఉందని కూలీలకు తెలుసు. పొట్టి పార ఉంటే, నడుం ఎత్తిన వాడు ఎవడో మేస్త్రికి దూరం నుంచే కనిపిస్తాడు. కూలీలు తమ నడుములనే సాక్ష్యంగా తీసుకుని పోరాడారు, డాక్టర్లు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పుతో పొట్టి పార నిషేధమైంది. తోటలేమీ ఎండిపోలేదు. పొడుగు పారతో పని అలాగే నడిచింది.

ఊడ్పుకు పొడుగు పిడి ఉండదు, నిజమే. ఊడ్పు మిషను ఉంది గాని, అది నడుంతో పాటు కూలినీ తీసుకుపోతుంది. ప్రత్యామ్నాయ పని చూపకుండా మిషను తెచ్చి "మీ నడుం కోసమే" అంటే నమ్మవద్దు. కాని చేయగలిగినవి ఉన్నాయి. సాళ్లలో నాటితే నిలబడి నెట్టే కలుపు యంత్రంతో పని చేయవచ్చు. ఊడ్చేటప్పుడు నారు పట్టిన చేతి మోచేయి మోకాలి మీద ఆనిస్తే నడుం మీద బరువు తగ్గుతుంది, మన పెద్ద ముత్తయిదువలకు తెలిసిన కిటుకే ఇది. అరగంటకోసారి ముఠా అంతా ఒక్కసారి నడుం ఎత్తి, నాలుగైదుసార్లు వెనక్కి వాలితే రెండు నిమిషాలు పడుతుంది. మోపు ఎత్తే ముందు రెండు నిమిషాలు నిటారుగా నిలబడాలి. మోపు ఇద్దరు కలిసి, మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తాలి.

ఎకరం గుత్తకు పని ఒప్పుకున్న ముఠాలో ఒక్కరే నడుం ఎత్తితే పక్కవాళ్లు విసుక్కుంటారు. "నువ్వు నించుంటే నీ వంతు ఎవరు ఊడుస్తారు?" అంటారు. అందుకే ఇది ఒంటరిగా అయ్యే పని కాదు. అందరూ కలిసి ఎత్తాలి. ఆసాముల్లో ఎక్కువమంది కౌలు రైతులే, వాళ్ల ఇళ్లలోనూ నడుం నొప్పులే. వాళ్లతో తగాదా పడాల్సిన పని లేదు, కూర్చుని మాట్లాడితే ఒప్పుకుంటారు.

మనం అడగవలసినవి

2005లో ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడు పని స్థలంలో తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. మట్టి పనికి ఉన్న ఈ పాటి మర్యాద ఊడ్పు పనికి ఎందుకు ఉండకూడదు? పూటకు రెండుసార్లు కూలి కోత లేని విరామం ఉండాలి. ఊడ్పుల కాలంలో ఫిజియోథెరపిస్టు వారానికి ఒక్కరోజైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చోవాలి. ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. వంగడాలు చూపించినట్టే, వంగకుండా పని చేసే పనిముట్లను కూలీ స్త్రీలకు చూపించి, వాళ్ల చేత వాడించి, వాళ్ల మాట వినాలి. సేద్యంలో ఆడవాళ్ల పని మీద పరిశోధనకే భువనేశ్వర్‌లో 1996 నుంచి కేంద్ర సంస్థ ఉంది. ఆ పరిశోధన మన మడి గట్టు దాకా రావాలి.

మినుము పీకే రోజుల్లో ఆ పల్లెకే మళ్లీ వెళ్లాం. పెద్దావిడను అడిగాం, నడుం ఎలా ఉందని. "పూర్తిగా పోతదా బాబూ, నలభై ఏళ్ల నొప్పి. కాని పక్క మీద తిరుగుతున్నా. తెల్లారి లేస్తున్నా" అంది. ఆమె మనవరాలు రోజూ పక్కన కూర్చుని అంకెలు లెక్కపెడుతుందట. ముఠా సంగతి అడిగాం. ఆ పూట చేలో ఉన్నవాళ్లంతా, మేస్త్రితో సహా, అరగంటకోసారి లేచి నిలబడుతున్నారు. ఆసామి ఏమన్నాడంటే, మొదటి రోజు గొణిగాడట, రెండో రోజు తనూ నిలబడి నడుం విరుచుకున్నాడట.

ఈ పేజీని మీ పల్లెలో చదవడం రాని వాళ్లకు చదివి వినిపించండి. చాప వేసి ఒకసారి చేసి చూపించండి. వచ్చే ఊడ్పులకు ముందే ప్రతి ముఠా కూర్చుని విరామం సంగతి తేల్చుకోవాలి. కూలి రేటుతో పాటే, అదే రోజున, అదే అరుగు మీద.